విదేశీ ఆసుపత్రికి బయల్దేరే ముందు: పూచీ ఎవరిదో తేల్చుకోండి

మన శ్రీకాకుళం జిల్లాలో చాలా ఇళ్లకు విదేశం దగ్గరే. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, టెక్కలి వైపు ఊళ్ల నుంచి వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు గల్ఫ్‌కీ సింగపూర్‌కీ మలేషియాకీ వెళ్తూనే ఉంటారు. చదువుకున్న పిల్లలు అమెరికాలో స్థిరపడ్డారు. అందుకే ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే మొదటి సలహా ఒక్కోసారి అక్కడి నుంచి ఫోన్‌లోనే వచ్చేస్తుంది. "ఇక్కడ ఆసుపత్రులు అద్దంలా ఉంటాయి నాన్నా, టికెట్లు నేను చూసుకుంటాను, వచ్చెయ్యండి" అంటాడు కొడుకు. ప్రేమతోనే అంటాడు. ఈలోగా ఎవరో ఏజెంటు వాట్సాప్‌లో రంగురంగుల బ్రోచర్ పంపుతాడు. ఇంటిల్లిపాదీ కూర్చుని అది తిరగేస్తూ అడిగే మాట ఒకటే: "ఏటి బావూ, ఆ ఆసుపత్రి మంచిదేనా?"

ఈ ప్రశ్నకు ఎవరూ సరైన జవాబు చెప్పలేరు, ఎందుకంటే ప్రశ్నలోనే పట్టు లేదు. మోకీళ్ల మార్పిడికి దేశమంతా పేరున్న ఆసుపత్రిలో కాలేయం ఆపరేషన్ ఏడాదికి ఒకటో రెండో జరుగుతుండొచ్చు. పగలు మహా బాగా నడిచే చోట రాత్రి పదయ్యాక పెద్ద డాక్టరు లేకపోవచ్చు. కాబట్టి అడగాల్సింది ఇంకోలా అడగాలి. ఈ ఆపరేషన్‌ను, ఈ డాక్టరు, మా మనిషికి చేశాక ఏదైనా తేడా వస్తే జవాబు చెప్పేది ఎవరు? ఆపరేషన్ బల్ల మీద ఎవరు, ఆ రాత్రి ఐసీయూలో ఎవరు, నెల తర్వాత శ్రీకాకుళంలో జ్వరం వస్తే ఎవరు? నా దృష్టిలో భద్రత అంటే ఈ పూచీయే. బ్రోచర్‌లో కనిపించే ప్రతి ముద్రనీ ప్రతి అంకెనీ ఈ పూచీ దగ్గర నిలబెట్టి చూస్తే ఏది గట్టిదో ఏది డొల్లో తెలిసిపోతుంది.

బంగారు ముద్ర ఏం చెబుతుంది, ఏం చెప్పదు

బ్రోచర్ తెరవగానే కనిపించేది జేసీఐ వారి బంగారు రంగు ముద్ర. జేసీఐ అంటే జాయింట్ కమిషన్ ఇంటర్నేషనల్. అమెరికాలో 1951 నుంచి ఆసుపత్రులను తనిఖీ చేస్తూ వస్తున్న జాయింట్ కమిషన్, ఇతర దేశాల కోసం 1994లో దీన్ని పెట్టింది. మొదటి ముద్ర 1999లో బ్రెజిల్‌లోని సావో పాలో నగరంలో ఒక ఆసుపత్రికి దక్కింది. బ్యాంకాక్‌లోని బుమ్రుంగ్రాడ్ 2002లో, మన దేశంలో ఢిల్లీ ఇంద్రప్రస్థ అపోలో 2005లో దాన్ని తెచ్చుకున్నాయి.

ఈ తనిఖీ ఉత్తుత్తి వ్యవహారం కాదు. తనిఖీకి వచ్చినవాళ్లు వార్డులో ఒక రోగి కేస్ షీటు పట్టుకుంటారు. అతను ఆసుపత్రిలో అడుగుపెట్టిన దగ్గర్నుంచి ల్యాబు, మందుల గది, ఆపరేషన్ థియేటర్, వార్డు దాకా ఎలా నడిచాడో అడుగడుగునా వెంబడిస్తారు. నర్సును ఆపి "ఈ ఇంజెక్షన్ ఈయనకేనని నీకెలా తెలుసు?" అని అడుగుతారు. పేరు ఒక్కటీ చాలదు, దాంతోపాటు పుట్టిన తేదీయో రోగి నంబరో సరిచూశానని ఆమె చెప్పగలగాలి. జేసీఐ ఆరు భద్రతా లక్ష్యాలు పెట్టుకుంది. రోగిని సరిగా గుర్తుపట్టడం, సిబ్బంది మధ్య మాట స్పష్టంగా అందడం, ప్రమాదకరమైన మందుల విషయంలో జాగ్రత్త, సరైన రోగికి సరైన చోట సరైన ఆపరేషన్ చేయడం, ఇన్ఫెక్షన్లు తగ్గించడం, రోగి కిందపడకుండా చూడడం. వినడానికి చిన్న సంగతుల్లా ఉంటాయి గాని ఆసుపత్రుల్లో ప్రాణాలు పోయేది చాలాసార్లు ఇలాంటి వాటి దగ్గరే.

అయినా ఆ ముద్రకు ఒక హద్దు ఉంది. పద్ధతులు ఉన్నాయని, వాటిని పాటిస్తున్నట్టు తనిఖీ రోజున కనిపించిందని మాత్రమే అది చెబుతుంది. మీ ఆపరేషన్ చేయబోయే డాక్టరు చేతి నైపుణ్యం ఎలాంటిదో చెప్పదు. బస్సుకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉందంటే బ్రేకులు చూశారని అర్థం, ఈ రాత్రి డ్రైవరు కునుకు తీయడని కాదు.

ముద్రను సరిచూసుకోవడం కష్టం కాదు. జేసీఐ వెబ్‌సైట్‌లో గుర్తింపు పొందిన సంస్థల జాబితా ఎవరైనా చూడొచ్చు. అక్కడ ఆసుపత్రి పేరు ఉంటే సరిపోదు, ఊరు కలవాలి, శాఖ కలవాలి. గొలుసు ఆసుపత్రులు రాజధానిలోని పెద్ద భవనానికి వచ్చిన ముద్రను ఊరవతల చిన్న క్లినిక్ బ్రోచర్ మీద కూడా అచ్చేస్తుంటాయి. గుర్తింపు మూడేళ్లకే, తర్వాత మళ్లీ తనిఖీ జరగాలి. అందుకని తేదీ కూడా చూడాలి. ఐఎస్ఓ 9001 అని గొప్పగా రాసి ఉంటే పెద్దగా పట్టించుకోకండి. అది సంస్థ నడిపే తీరుకు ఇచ్చే సర్టిఫికెట్. ఫ్యాక్టరీలూ తెచ్చుకుంటాయి, ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలూ తెచ్చుకుంటాయి. వైద్యం ఎలా జరుగుతోందో అది చూడదు.

జేసీఐ లేనంత మాత్రాన ఆసుపత్రి చెడ్డదనీ అనుకోకూడదు. అది డబ్బు కట్టి, ఇష్టపడి తెచ్చుకునే గుర్తింపు. చాలా దేశాలకు సొంత తనిఖీ వ్యవస్థలు ఉన్నాయి. మనకు ఎన్ఏబీహెచ్ ఉన్నట్టే మలేషియాకు ఎంఎస్‌క్యూహెచ్, థాయిలాండ్‌కు హెచ్ఏ ఉన్నాయి. ఇంగ్లండ్‌లో కేర్ క్వాలిటీ కమిషన్ ప్రతి ఆసుపత్రినీ తనిఖీ చేసి నాలుగు మెట్లలో గ్రేడు ఇచ్చి, ఆ రిపోర్టును అందరూ చదివేలా బయట పెడుతుంది. లోపాలు కూడా అందులో ఉంటాయి. ఎక్కడ తప్పు దొరికిందో బయటికి చెప్పే వ్యవస్థను నేను ఎక్కువ నమ్ముతాను. ముద్ర వేసి ఊరుకునేదానికంటే అది రోగికి ఎక్కువ పనికొస్తుంది.

డాక్టరు సంగతీ అంతే. సింగపూర్, మలేషియా, థాయిలాండ్, బ్రిటన్ దేశాల మెడికల్ కౌన్సిళ్లు డాక్టర్ల పేర్లు ఆన్‌లైన్‌లో వెతుక్కునే వీలు కల్పించాయి. లైసెన్సు ఉందా, ఏ విభాగంలో స్పెషలిస్టుగా నమోదయ్యారు, ఆంక్షలేమైనా ఉన్నాయా అన్నది చూడాలి. అందుకు డాక్టరు పూర్తి పేరు కావాలి. ఆ పేరు ఇవ్వడానికే వెనకాడే చోటికి మన మనిషిని పంపకూడదు.

"తొంభై ఎనిమిది శాతం సక్సెస్"

మనం ఎక్కువగా మోసపోయేది ఈ అంకె దగ్గర. తొంభై ఎనిమిది శాతం అంటే ఎంతమందిలో? ఎప్పటి నుంచి ఎప్పటి దాకా? సక్సెస్ అంటే రోగి బల్ల మీద నుంచి ప్రాణంతో లేచాడనా, ముప్పై రోజులు బతికాడనా, ఏడాది తర్వాత నడుస్తున్నాడనా? ఈ మూడూ చెప్పనప్పుడు ఆ అంకెకు అర్థం లేదు.

లెక్క చూడండి. ఒక ఆసుపత్రి ఏదో కష్టమైన ఆపరేషన్ పన్నెండు మందికి చేసింది, పన్నెండు మందీ బతికారు. నూటికి నూరు శాతం విజయం. ఇంకొకటి 400 మందికి చేసింది, ఎనిమిది మంది చనిపోయారు. 98 శాతం. మొదటిదే మంచిదనిపిస్తుంది. కానీ గణాంక శాస్త్రంలో ఒక చిన్న సూత్రం ఉంది. ఒక్క మరణమూ లేనప్పుడు మూడును ఆపరేషన్ల సంఖ్యతో భాగిస్తే, అసలు ప్రమాదం ఎంత దాకా ఉండొచ్చో ఒక అంచనా వస్తుంది. మూడును పన్నెండుతో భాగిస్తే నాలుగో వంతు. అంటే ఆ మొదటి ఆసుపత్రిలో అసలు ప్రమాదం నూటికి పాతిక దాకా ఉన్నా, పన్నెండు మంది వరసగా బతికి ఉండొచ్చు. పదమూడోవాళ్లు మనవాళ్లే కావచ్చు. రెండో ఆసుపత్రి లెక్క మాత్రం గట్టిది, 400 మంది మీద తేలిన లెక్క కాబట్టి.

ఎన్ని చేశారు అన్న ప్రశ్నకు ఇంకో బలం కూడా ఉంది. అన్నవాహిక, క్లోమం వంటి పెద్ద ఆపరేషన్లు ఎక్కువగా చేసే ఆసుపత్రుల్లో మరణాలు తక్కువని అమెరికాలో లక్షల కేసుల మీద జరిగిన అధ్యయనాలు చూపించాయి. చేయి తిరిగిన డాక్టరు ఒక కారణం. ఇంకో ముఖ్య కారణం, తేడా వచ్చినప్పుడు దాన్ని వెంటనే పసిగట్టే నర్సులూ ఐసీయూ సిబ్బందీ ఉండడం. ఇలాంటివి ఎన్నో చూసిన కళ్లకు రెండో రోజు సాయంత్రం నాడి కొంచెం ఎగరడం కూడా కనిపిస్తుంది.

రోగుల తీరు కూడా చూడాలి. షుగరు, గుండె జబ్బు, డయాలసిస్ ఉన్నవాళ్లను తీసుకోకుండా ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే ఆపరేషన్లు చేస్తే శాతం దానంతటదే పెరుగుతుంది. కష్టమైన కేసులు తీసుకునే మంచి ఆసుపత్రి లెక్క కాగితం మీద తక్కువగా కనిపించొచ్చు. అందుకే న్యూయార్క్ రాష్ట్రం గుండె బైపాస్ ఫలితాలను బయటపెట్టేటప్పుడు రోగి వయసు, ఇతర జబ్బులు లెక్కలోకి తీసుకుని సరిచేసి ఇస్తుంది. అమెరికాలో అవయవ మార్పిడి చేసే ప్రతి కేంద్రం ఫలితాలనూ ఎస్ఆర్‌టీఆర్ అనే జాతీయ రిజిస్ట్రీ అలాగే ప్రచురిస్తుంది. ఇలా బయటివాళ్లు సరిచూసిన అంకెకీ ఆసుపత్రి తన గురించి తాను చెప్పుకునే అంకెకీ పోలికే లేదు.

దేశం పేరు చూసి నిశ్చింతగా ఉండేవాళ్లకు బ్రిస్టల్ సంగతి చెప్పాలి. ఇంగ్లండ్‌లో ఎంతో పేరున్న బ్రిస్టల్ రాయల్ ఇన్‌ఫర్మరీలో పసిపిల్లలకు గుండె ఆపరేషన్లు చేసేవారు. అక్కడ పిల్లలు ఎక్కువగా చనిపోతున్నారని స్టీఫెన్ బోల్సిన్ అనే మత్తు డాక్టరు లెక్కలు పట్టుకుని మొత్తుకున్నాడు. ఏళ్ల తరబడి ఎవరూ వినలేదు. చివరికి బహిరంగ విచారణ జరిగి 2001లో నివేదిక వచ్చింది. 1991 నుంచి 1995 వరకు అక్కడ ఏడాది నిండని పిల్లల్లో, అలాంటి ఇతర కేంద్రాల్లో అనుకోదగ్గదానికంటే 30 నుంచి 35 మంది ఎక్కువగా చనిపోయారని తేలింది. భవనం పెద్దదే, డాక్టర్లు చదువుకున్నవాళ్లే, దేశం ధనిక దేశమే. ఫలితాలను బయటివాళ్లు లెక్కగట్టి చూసే ఏర్పాటు మాత్రం లేకపోయింది. ఆ బిడ్డల తల్లిదండ్రుల పోరాటం వల్లే గుండె ఆపరేషన్ల ఫలితాలు బ్రిటన్‌లో ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్నాయి.

దీనికి పూర్తి విరుద్ధంగా ఖర్చు లేని ఒక మంచి పని గురించి కూడా చెప్పాలి. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్లకు ఒక పేజీ చెక్‌లిస్ట్ తయారు చేసింది. మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, రోగిని బయటికి తీసుకెళ్లే ముందు ఎవరో ఒకరు దాన్ని పైకి చదవాలి. రోగి పేరేమిటి, ఏ వైపు ఆపరేషన్, ఏ మందు పడదు, రక్తం సిద్ధంగా ఉందా, లోపల గాజ్ గుడ్డ ముక్కలేవీ మిగల్లేదు కదా. ఢిల్లీ, మనీలా, లండన్, సియాటిల్ సహా ఎనిమిది నగరాల్లో పరీక్షిస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి, ఇతర సమస్యలు 11 శాతం నుంచి 7కి తగ్గాయి. ధనిక దేశాల ఆసుపత్రుల్లోనూ తగ్గాయి. కాబట్టి "మీ థియేటర్‌లో ఆ చెక్‌లిస్ట్ పైకి చదువుతారా? ఏ వైపు చేయాలో రోగి మెలకువగా ఉన్నప్పుడే మార్కు పెడతారా?" అని మెయిల్‌లో అడగండి. అలవాటున్నవాళ్లు ఒక్క లైన్‌లో జవాబిస్తారు.

ఒక ప్యాకేజీ కాగితం

విజయనగరంలో మా బంధువుల ఇంట్లో ఒక విదేశీ ఆసుపత్రి పంపిన కొటేషన్ చూశాను. నడుము డిస్కు ఆపరేషన్. ఎయిర్‌పోర్టులో కారు ఎక్కించుకోవడం, ఇద్దరికి హోటల్, అల్పాహారం, సిమ్ కార్డు, దుబాసీ, ఒక పూట ఊరు చూపించడం, అన్నీ వరసగా ఉన్నాయి. కారు మోడల్ కూడా రాశారు. డాక్టరు పేరుండాల్సిన చోట "మా అనుభవజ్ఞులైన నిపుణుల బృందం" అని ఉంది. నడుములో వేసే స్క్రూల దగ్గర "ఇంపోర్టెడ్" అనే ఒక్క మాట. కంపెనీ లేదు, మోడల్ లేదు. రేపు ఎమ్మారై తీయాల్సి వస్తే, లేదా స్క్రూ వదులైతే, మన డాక్టరుకు కావాల్సింది ఆ వివరమే. చివర్లో చిన్న అక్షరాల్లో, ప్యాకేజీలోకి రానివి: ముందుగా ఊహించని సమస్యలు, అదనపు ఐసీయూ రోజులు, రెండో ఆపరేషన్, రక్తం.

ఆ చివరి లైనే అసలు ఒప్పందం. అంతా సవ్యంగా జరిగితే బాధ్యత వాళ్లది, ఏమాత్రం తేడా వచ్చినా భారం మనది. డబ్బు అయిపోయాక రోగిని ఐసీయూ నుంచి ఎప్పుడు బయటికి తేవాలి అన్న నిర్ణయం జబ్బును బట్టి కాకుండా జేబును బట్టి జరుగుతుంది. అందుకే ఇది ప్రాణానికి సంబంధించిన లైను. ఐసీయూలో రోజుకు ఎంత, మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వస్తే ఎంత అన్నది ముందే రాయించుకోవాలి. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. వైద్యం కోసమే వెళ్లే ప్రయాణానికి ఆ పాలసీలు మామూలుగా వర్తించవు.

దుబాసీ సంగతి కూడా తేలిక కాదు. ఏజెంటు పంపే మనిషికి కమిషన్ ఏజెంటు నుంచే వస్తుంది. మన అమ్మ "ఆయాసంగా ఉంది" అంటే అతను డాక్టరుకు "కొంచెం నీరసం" అని చెప్పినా మనకు తెలియదు. ఆసుపత్రి జీతం మీద పనిచేసే దుబాసీ కావాలనండి. తెలుగు దొరక్కపోతే వీడియో కాల్‌లో మన ఇంటి మనిషే మాట్లాడే ఏర్పాటు అడగండి. సంతకం పెట్టించుకునే సమ్మతి పత్రం వారం ముందే తెప్పించుకుని చదవండి. బల్ల ఎక్కే ముందు ట్రాలీ మీద పడుకుని చదివేది కాదు అది.

ముఖ్యంగా కాస్మెటిక్, లావు తగ్గించే ఆపరేషన్లు చేసే చిన్న క్లినిక్‌ల విషయంలో ఈ మూడూ అడగండి. మీ భవనంలోనే ఐసీయూ ఉందా, బ్లడ్ బ్యాంకు ఉందా, రాత్రంతా మత్తు డాక్టరు ఉంటారా? "పక్క ఆసుపత్రితో టై-అప్ ఉంది" అన్నారంటే, ఆపద వేళ అంబులెన్సులో ట్రాఫిక్ దాటుకుంటూ వెళ్లాలని అర్థం. 2023లో మెక్సికోలోని మటమోరోస్ ఊళ్లో రెండు క్లినిక్‌లలో ఏం జరిగిందో గుర్తుంచుకోవాలి. అమెరికా నుంచి సరిహద్దు దాటి వెళ్లి కాస్మెటిక్ ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లకు వెన్నులో ఇచ్చిన మత్తుతో ఫంగస్ చేరి మెదడు పొరల వాపు వచ్చింది. పదిమందికి పైగా చనిపోయారు. చాలామంది ఆరోగ్యంగా ఉండి వెళ్లినవాళ్లే.

కంటికి కనిపించని ప్రమాదం

ఆసుపత్రిలో అంటుకునే ఇన్ఫెక్షన్లు ఏ దేశంలోనైనా ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం ఆసుపత్రిలో చేరిన ప్రతి వందమందిలో ధనిక దేశాల్లో ఏడుగురికి, మిగతా దేశాల్లో పదిహేనుమందికి అక్కడే ఏదో ఒక ఇన్ఫెక్షన్ వస్తోంది. నేల తళతళలాడడానికీ దీనికీ సంబంధం లేదు. చేతులు కడుక్కోవడం, పరికరాలు సరిగా ఉడికించడం, యాంటీబయాటిక్స్ పొదుపుగా వాడడం, వీటి మీద ఆధారపడి ఉంటుంది.

మందులకు లొంగని సూక్ష్మజీవులు రోగితోపాటే సరిహద్దులు దాటుతాయి. 2008లో ఢిల్లీ ఆసుపత్రిలో ఉండి స్వీడన్ వెళ్లిన ఒక రోగిలోనే ఎన్‌డీఎం-1 అనే ఎంజైము ఉన్న బ్యాక్టీరియాను మొదట గుర్తించారు. ఎన్నో బలమైన యాంటీబయాటిక్స్ దాని ముందు పనిచేయవు. నెదర్లాండ్స్‌లో విదేశీ ఆసుపత్రిలో ఉండి వచ్చిన రోగిని ముందు విడి గదిలో పెట్టి పరీక్షించాకే వార్డులోకి తెస్తారు. కాబట్టి మీరు తిరిగొచ్చాక శ్రీకాకుళం రిమ్స్‌కు వెళ్లినా, విశాఖలో ప్రైవేటుకు వెళ్లినా, "ఫలానా దేశంలో ఇన్ని రోజులు ఆసుపత్రిలో ఉన్నాం" అని మొదటే చెప్పండి. అడగలేదు కదా అని ఊరుకోవద్దు. అది మీకూ మేలు, పక్క బెడ్డు మీదివాళ్లకూ మేలు.

కిడ్నీ కోసం వెళ్లేవాళ్లకు

ఈ విషయంలో కొంచెం గట్టిగానే చెప్పాలి. ఉద్దానంలో, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో, కిడ్నీ జబ్బు ఇల్లిల్లూ ఎరిగిన బాధ. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. డయాలసిస్ కోసం పడే తిప్పలు కొంత తగ్గాయి. అయినా వారం వారం యంత్రం మీద పడుకునే మనిషికి "ఫలానా దేశంలో నెలరోజుల్లో కిడ్నీ పెట్టించేస్తాం" అనే మాట ఎంత తియ్యగా వినిపిస్తుందో నాకు అర్థమవుతుంది. ఆ తియ్యదనం వెనక ఏముందో తెలియాలి.

ఒకప్పుడు మన దేశమే ఆ "ఫలానా దేశం". 1980ల్లో యూఏఈ, ఒమన్ నుంచి రోగులు బొంబాయి వచ్చి కిడ్నీ కొనుక్కుని వెళ్లేవారు. అలాంటి 130 మంది తిరిగి వెళ్లాక ఏమైందో అక్కడి డాక్టర్లు 1990లో లాన్సెట్ పత్రికలో రాశారు. వాళ్లలో మరణాలు బాగా ఎక్కువగా ఉన్నాయి, కొందరికి హెచ్‌ఐవీ అంటింది. చాలామంది సరైన కాగితాలు లేకుండానే వచ్చేశారు. దాత ఎవరో తెలియదు, పరీక్షలు ఎంతవరకు చేశారో తెలియదు. ఈ వ్యాపారాన్ని ఆపడానికే మన దేశం 1994లో అవయవ మార్పిడి చట్టం తెచ్చింది.

ఆ తర్వాత వ్యాపారం దేశాలు మారుతూ వచ్చింది. 2016 జనవరిలో నల్గొండ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. ఇక్కడి నుంచి పేద కుర్రాళ్లను కొలంబో తీసుకెళ్లి కిడ్నీలు తీయించారన్న కేసు అది. దాంతో శ్రీలంక ప్రభుత్వం విదేశీయులకు కిడ్నీ మార్పిళ్లను ఆపేసింది. ఆలోచించండి. ఆ నెలలో అడ్వాన్స్ కట్టి, వీసా చేతపట్టుకుని ఉన్న రోగి ఏమవ్వాలి? ఇలాంటి చోట పూచీ అన్న మాటకు తావే ఉండదు. దాత డబ్బుకు వచ్చాడు గనక అబద్ధం చెబుతాడు, జబ్బు దాస్తాడు. ఆసుపత్రి రికార్డు ఉంచదు. ఏజెంటు సిమ్ మార్చేస్తాడు. కిడ్నీ ఇచ్చినవాడు కూడా ఒక రోగేనని, అతని మిగిలిన ఒక్క కిడ్నీని జీవితాంతం ఎవరో చూడాలని ఎవరికీ గుర్తుండదు.

2008లో ప్రపంచ దేశాల డాక్టర్లు ఇస్తాంబుల్‌లో కూడి అవయవ వ్యాపారాన్నీ దాని కోసం చేసే ప్రయాణాన్నీ ఖండిస్తూ ప్రకటన చేశారు. రోగి వేరే దేశం వెళ్లడమే తప్పని అది చెప్పదు. సొంత తమ్ముడు దాతగా వెంట వచ్చి, రెండు దేశాల చట్టాలూ పాటించి, కాగితాలన్నీ సరిగా ఉంటే అది వేరే సంగతి. "దాతను మేమే చూస్తాం" అన్న మాట వినపడితే మాత్రం అక్కడితో ఆపేయండి. ఆ ఆసుపత్రికి ఎన్ని ముద్రలున్నా సరే. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, 2011 సవరణ తర్వాత తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు, మనవలు కూడా దగ్గరి బంధువులుగా మన చట్టం ప్రకారమే కిడ్నీ ఇవ్వొచ్చు. ఇంట్లో దాత లేకపోతే, చనిపోయినవాళ్లు దానం చేసే అవయవాల కోసం ఆంధ్రప్రదేశ్‌లో జీవన్‌దాన్ జాబితా ఉంది. ఆలస్యం అవుతుంది, నిజమే. ఆ ఆలస్యంలో కూడా మీ పేరు ఎక్కడుందో చెప్పగల మనిషి ఒకరుంటారు.

తిరిగొచ్చాక

ఛాతీలో గాని పొట్టలో గాని పెద్ద ఆపరేషన్ అయ్యాక కనీసం పది రోజులు విమానం ఎక్కొద్దని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. లోపల చిక్కుకున్న గాలి ఎత్తులో ఉబ్బుతుంది, కుట్లు లాగుతాయి. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టొచ్చు. విశాఖలో దిగాక శ్రీకాకుళానికి ఇంకో నూరు కిలోమీటర్ల పైన కారు ప్రయాణం కూడా లెక్కలో వేసుకోండి. "ఆపరేషన్ అయిన ఐదో రోజే ఇంటికి" అనే ప్యాకేజీలో మిగతా ఐదు రోజుల ప్రమాదం ఎవరి నెత్తిన పడుతోందో చూడండి.

వచ్చేటప్పుడు చేతిలో ఏం ఉండాలో కూడా ముందే మాట్లాడుకోవాలి. ఇంగ్లీషులో డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ ఎలా జరిగిందో రాసిన నోటు, లోపల వేసిన పరికరం స్టిక్కర్, స్కానింగ్ సీడీ, తీసిన కణితి బయాప్సీ రిపోర్టు, ఎక్కించిన రక్తం వివరాలు. మందుల పేర్లు బ్రాండుగా కాకుండా అసలు రసాయనం పేరుతో, మోతాదుతో ఉండాలి. అవయవ మార్పిడి తర్వాత వేసుకునే టాక్రోలిమస్ వంటి మందులో కొంచెం తక్కువైతే కొత్త కిడ్నీని శరీరం తిరగ్గొడుతుంది, కొంచెం ఎక్కువైతే ఆ మందే కిడ్నీని పాడు చేస్తుంది. పొద్దున్న మందు వేసుకోకముందే రక్తం తీసి దాని స్థాయి చూడాలి. ఆ పరీక్ష ఇక్కడ ఎవరు చేస్తారు, రిపోర్టు ఎవరు చూస్తారు, అదే బ్రాండు విశాఖలో దొరుకుతుందా? ఇవన్నీ టికెట్ కొనకముందు తేలాల్సినవి.

కాబట్టి బయల్దేరే ముందే మీ ఊరి దగ్గరి డాక్టరు దగ్గర కూర్చోండి. చాటుగా వెళ్లొద్దు. కోప్పడతారేమోనని చాలామంది చెప్పకుండా వెళ్లిపోతారు, తర్వాత చీము పట్టిన కుట్టుతో అర్ధరాత్రి అదే డాక్టరు గుమ్మం ఎక్కుతారు. అక్కడి సర్జన్ ప్రతిపాదనను ముందే చూపించి, "తిరిగొచ్చాక మమ్మల్ని మీరు చూస్తారా?" అని అడగండి. ఆయన ఒప్పుకుంటే అక్కడి డాక్టరుతో ఒకసారి మెయిల్‌లో కలపండి. ఆయన వద్దంటే ఎందుకో వినండి. ఆ కారణంలోనే మీకు కావాల్సిన సమాచారం చాలావరకు ఉంటుంది.

న్యాయం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1995లో సుప్రీంకోర్టు తీర్పుతో వైద్యం మన దేశంలో వినియోగదారుల చట్టం కిందికి వచ్చింది. ఇక్కడి ఆసుపత్రి మీద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. విదేశీ ఆసుపత్రి మీద పోరాడాలంటే మామూలుగా ఆ దేశంలోనే, ఆ దేశపు చట్టం ప్రకారం, అక్కడి లాయరును పెట్టుకుని పోరాడాలి. ఇక్కడ డబ్బు తీసుకున్న ఏజెంటు మీద మాత్రం ఇక్కడ ఫిర్యాదుకు దారి ఉంటుంది, రసీదు ఉంటేనే. అందుకే నగదు ఇవ్వకండి, డబ్బు వీలైతే నేరుగా ఆసుపత్రి ఖాతాకే పంపండి. ఫోన్‌లో ఇచ్చిన ప్రతి హామీనీ అదే రోజు మెయిల్ రాసి "మీరు ఇలా చెప్పారు, సరేనా?" అని ఒప్పించుకోండి.

డాక్టరు పూర్తి పేరు, ఈ ఆపరేషన్ గత ఏడాది ఎన్నిసార్లు చేశారు, ఎంతమంది చనిపోయారు, రాత్రి ఐసీయూలో ఎవరుంటారు, సమస్య వస్తే ఖర్చు ఎవరిది, ఇంటికొచ్చాక ఏ నంబరుకు ఫోన్ చేయాలి. ఈ ఆరింటికీ రాతపూర్వకంగా జవాబులు వచ్చేదాకా అడ్వాన్స్ కట్టకండి. ఆ చివరి నంబరుకు మాత్రం బయల్దేరే ముందే ఒకసారి, మన రాత్రి వేళ, ఫోన్ చేసి ఎవరు ఎత్తుతారో చూడండి.